ఊరిన మాట

మొన్న ఆదివారం మావాడు ఇంగ్లీషు సైన్సు పుస్తకం ముందేసుకుని తెలుగు చేస్తున్నాడు. రైలు పట్టాల కింద పరిచే చెక్కదిమ్మెలు పుచ్చిపోకుండా వాటికి క్రియోసోట్ తైలం పట్టించడం గురించిన పాఠం అది. 'ఇంప్రెగ్నేట్' అన్న మాట దగ్గర ఆగి, నిఘంటువు తిప్పి, కంటబడిన మొదటి అర్థం రాసేశాడు.

"తైలముచేత గర్భవతులైన దిమ్మెలు!" అని పైకి చదివాడు. ఇల్లంతా గొల్లుమంది.

మా చెల్లెలు మాత్రం నవ్వలేదు. పెళ్ళయి పన్నెండేళ్ళయినా దానికి సంతానం లేదు. ఆవకాయ జాడీకి వాసెన కడుతూ తల వంచుకుంది. నా నవ్వూ అక్కడే ఆగిపోయింది.

వాడి తప్పేమీ లేదు. ఆ మాటకు లాటిన్ మూలంలో ఉన్నది గర్భమే. ఒకదానిలోకి మరొకటి దిగి అణువణువునా నిండిపోవడమన్నది రెండో అర్థం. 1838లో ఇంగ్లండులో జాన్ బెతెల్ పేటెంటు పొందిన పద్ధతిలో తైలాన్ని ఒత్తిడితో కర్ర లోపలికి ఎక్కిస్తారు. పైపైన పూస్తే చాలదు. 'ఇంప్రెగ్నబుల్' కోట అంటారే, దానికీ దీనికీ చుట్టరికం లేదు. అది 'పట్టుకొను' అనే అర్థం గల ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. నడుమ 'గ'కారం తర్వాత చేరింది.

మనమూ తక్కువ తినలేదు. గుడికి గర్భముంది, నాటకానికి గర్భాంకముంది. సీసపద్యం కడుపులో కందాన్ని దాచిన కవులున్నారు. వరి సైతం పొట్టకు వస్తుంది. అయితే దిమ్మెలకు ఏ మాట వాడాలి?

నేను ఆలోచిస్తూండగా చెల్లెలే అంది: "తైలంలో ఊరిన దిమ్మెలు అంటే సరిపోదూ, అన్నయ్యా? మూడోనాడు తిరగ కలిపితే గాని ఈ ముక్కా ఊరదు."

ఎం.ఏ. పట్టా ఉన్న నాకు తట్టలేదు! బావిలో నీరు ఊరుతుంది, ఉప్పులో కాయ ఊరుతుంది. లోపలినుంచి వచ్చేదానికీ, లోపలికి పోయేదానికీ మనకు ఒకటే మాట.

మావాడు రాసింది కొట్టేసి, "అత్తయ్య చెప్పిందే బాగుంది" అంటూ వెళ్ళి దాని పక్కన కూర్చున్నాడు.

'గొడ్డు' అని మరో మాట ఉంది మనకు. చెట్టు మీదా, పశువు మీదా, ఆడదాని మీదా ఒకే తీరున విసురుతాం. కిందటి పండుగనాడు మా ఇంట్లోనే ఒక పెద్దావిడ దాన్ని చెల్లెలి మీద విసిరింది. నేను విని ఊరుకున్నాను.

ఇకమీదట ఊరుకోను.