వెనక సీటుకి రెండు వైపులున్నాయి

పర్చూరు నుంచి చీరాలకి బండి మీద వెళ్ళి, బట్టల కొట్టు ముందు దిగగానే కాసేపు అలాగే నిలబడిపోయే ఆడవాళ్ళని మీరు చూసే ఉంటారు. కుచ్చెళ్ళు సర్దుకుంటున్నట్టు కనబడతారు. నిజానికి సర్దుకునేది కుచ్చెళ్ళు కాదు, తుంటి. పట్టేసిన తుంటి వదిలేదాకా అడుగు పడదు. నడిబజార్లో అది చెప్పుకోలేక చీర మీద పెడతాం. ఇరవై ఏళ్ళు నేనూ ఆ పనే చేశాను.

మావారితో అంటే, "నడిపేది నేనైతే నెప్పి నీకేమిటే?" అని నవ్వేవారు. ఆ నవ్వు మీలో చాలామందికి పరిచయమే అనుకుంటాను. ముందు కూర్చున్నవాళ్ళకి గుంత ముందుగానే కనబడుతుంది. ఒళ్ళు బిగపట్టుకుంటారు, పాదాల మీద కాస్త లేస్తారు. వెనకున్న మనకి గుంత సంగతి తెలిసేది అందులో పడ్డాకే. పైగా మాది నల్లరేగడి నేల. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు తీస్తుంది. దాని మీద రోడ్డు ఎంత బాగా వేసినా కొన్నాళ్ళకి అలలు తిరుగుతుంది. మా ఊరు 1970లో గుంటూరు జిల్లా నుంచి విడిపోయి కొత్త జిల్లాలోకి, 2022లో బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది గాని, కిందున్న నేల మారదు కదా!

ఆ మధ్య నెప్పి మరీ ఎక్కువై, రాత్రి పక్క మీద అటు నుంచి ఇటు తిరగలేక డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ మందులు రాయకముందే, "బండి మీద ఎలా కూర్చుంటారో ఈ బల్ల మీద కూర్చుని చూపించండి" అంది. చూపించాను. "ఇలా ఎన్నేళ్ళ నుంచి?" అంది. అప్పుడు గాని నా బుర్రకి ఎక్కలేదు.

మీరూ ఒకసారి కుర్చీలో కూర్చుని చూడండి. మనం బండి మీద కాళ్ళు రెండూ ఎడమవైపే వేస్తాం. మన దేశంలో బళ్ళు ఎడమ పక్కన నడుస్తాయి కాబట్టి దిగేది ఆ వైపే, అది సరే. అంటే తుంటి ఎడమవైపుకి చూస్తుంటుంది. బండి వెళ్ళేది మాత్రం మన కుడిచేతి వైపుకి. రోడ్డు చూడాలంటే నడుం, మెడ కుడికి మెలి తిప్పాలి. ఒక చెయ్యి మొగుడి భుజం మీద, ఇంకోటి వెనక కడ్డీ మీద. ఒళ్ళో సంచి, ఒక్కోసారి పిల్లాడు కూడా. మెలిపడ్డ నడుం మీద గుంత దెబ్బలు. పడిపోకుండా తుంటి చుట్టూ ఉన్న కండరాలు దిగేదాకా బిగుసుకునే ఉంటాయి. అదీ ఎప్పుడూ ఒకే వైపుకి! బియ్యం బస్తా మోసేవాడైనా భుజం మార్చుకుంటాడు. మనకి ఆ వెసులుబాటు కూడా లేదు.

అందుకని నేను చెప్పేది ఒక్కటే. వెనక సీటుకి రెండు వైపులున్నాయి, రెండు ఫుట్‌రెస్టులున్నాయి. అటో కాలు, ఇటో కాలు వేసి కూర్చుందాం. బరువు రెండు తుంట్ల మీదా సమంగా పడుతుంది, మొహం బండి వెళ్ళే వైపే ఉంటుంది, గుంత వచ్చినప్పుడు పాదాలు తన్నిపెట్టి కాస్త లేవచ్చు.

"ఆడపిల్ల అలా కూర్చోవడమేమిటి?" అని మా అత్తగారు అననే అన్నారు. (నాకు నలభై ఆరు. ఆవిడకి నేనింకా ఆడపిల్లనే, సంతోషం.) అదేదో తాతల నాటి ఆచారం అన్నట్టు మాట్లాడతాం గాని, తాతలకి మోటారు సైకిలెక్కడిది? నాట్లు వేసే ఆడవాళ్ళు చీర పైకి దోపుకుని మోకాళ్ళ లోతు బురదలో దిగితే ఎవరూ తప్పు పట్టరు. మిరపకాయ కోతకి వెళ్ళేవాళ్ళు చీర మీద మగవాళ్ళ ఫుల్‌హ్యాండ్స్ చొక్కా తొడుక్కుంటే ఎవరూ నవ్వరు. పనికి వీలైన బట్ట పనిలో కడతాం. బండి ఎక్కేసరికి మాత్రం మర్యాద గుర్తొస్తుంది.

ఈ పట్టింపు మన ఒక్కళ్ళదే కాదు. 2013లో ఇండోనేషియాలోని అచే ప్రాంతంలో ఒక నగరం, పేరు లోక్‌సుమావే, ఆడవాళ్ళు బండి వెనక అటూ ఇటూ కాళ్ళు వేసి కూర్చోకూడదని ఏకంగా ఉత్తర్వే వేసింది. ఒకప్పుడు ఇంగ్లండులో దొరసానులూ గుర్రం మీద ఒకపక్కకే కూర్చునేవాళ్ళు. కాకపోతే వాళ్ళ జీనుకి కాళ్ళు బిగించి పట్టుకోవడానికి కొమ్ముల్లాంటి ఆసరాలుండేవి. మనకి ఆ పాటి ఆసరా కూడా లేదు.

ఉన్న కాస్త ఆసరా చట్టం ఇచ్చిందే. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చదవండి. వెనక కూర్చునేవాళ్ళు పట్టుకోవడానికి పిడి, కాళ్ళకి ఫుట్‌రెస్టు, బట్ట చిక్కుకోకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే అడ్డు ఉండి తీరాలంటుంది. మనం శారీ గార్డు అంటామే, అదే. మా వీధి కుర్రాళ్ళు బండి కొన్న వారానికే షోకు కోసం దాన్ని విప్పి పారేస్తున్నారు. మీ ఇంట్లో బండికి ఉందో లేదో ఇవాళే చూడండి. పంజాబీ డ్రస్సు వేసుకుంటే చున్నీ నడుం చుట్టూ గట్టిగా ముడేసుకోవాలి. చక్రంలో పడ్డ చున్నీ మెడకి ఉరైపోతుంది.

రెండు కాళ్ళూ వేసి కూర్చోగానే నెప్పి మాయమైపోతుందని మాత్రం చెప్పను. మొదటి వారం రోజులు నాకు తొడల లోపలి కండరాలు పట్టేశాయి. అలవాటు లేని పని కదా! రోజూ పొద్దున గోడ పట్టుకుని ఒక్కో కాలూ పక్కకీ వెనక్కీ మెల్లగా ఊపడం, నేల మీద బాసింపట్టు వేసుకుని కాసేపు కూర్చోవడం మొదలెట్టాక సర్దుకుంది. ఒళ్ళో సంచి మానేశాను, బండికే కట్టేస్తాం. అరగంటకోసారి దిగి నాలుగడుగులు వేయడం అన్నిటికన్నా మేలు చేసింది. ఇంకో సంగతి. దారిలో ఇబ్బందని మనం బయల్దేరేముందు నీళ్ళు తాగడం మానేస్తాం. మా ఎండల్లో ఒళ్ళు పట్టేయడానికి అదీ తోడవుతుంది. ముందు దారిలో వెళ్ళే చోటు ఎక్కడుందో అడిగి తెలుసుకోండి గాని గొంతు ఎండబెట్టుకోకండి. షాక్ అబ్జార్బర్లు, టైర్లలో గాలి ఇద్దరి బరువుకి సరిపడా ఉన్నాయా అని మెకానిక్కుని అడగడానికి మొహమాటం వద్దు. హెల్మెట్టు వెనకున్నవాళ్ళకీ ఉండాలని చట్టమే చెబుతోంది.

పట్టుచీర కట్టుకుని పెళ్ళికి వెళ్ళాలి, ఒకపక్కకి కూర్చోక తప్పదంటారా? కాళ్ళు వేలాడేయకుండా గార్డుకున్న మెట్టు మీద రెండు పాదాలూ ఆనించండి, సీటు మీద వెనక్కి జరిగి కూర్చోండి, పిడి వదలకండి. దగ్గర దూరమైతే ఫర్వాలేదు. మా అత్తగారి వయసువాళ్ళకీ, కడుపుతో ఉన్నవాళ్ళకీ ఈ రోడ్ల మీద ఆటోనో బస్సో నయమని నా ఉద్దేశం. నెప్పి తుంటి నుంచి కాల్లోకి జారుతున్నా, కాలు మొద్దుబారుతున్నా, పడుకున్నా తగ్గకపోయినా బండిదేలే అని ఊరుకోకుండా డాక్టరుకి చూపించుకోండి. ఇరవై ఏళ్ళు ఆగింది నేను చాలు.

మావారు ఇప్పుడు నవ్వడం లేదు. ఒక ఆదివారం ఆయన్ని వెనక ఒకపక్కకి కూర్చోబెట్టి, మా తమ్ముడి చేత ఇంకొల్లు దాకా నడిపించాను లెండి. అప్పటి నుంచి చీరాల దారిలో సగం దూరం రాగానే టీ కొట్టు దగ్గర నేను అడక్కుండానే బండి ఆపుతున్నారు. ఆయనకి టీ, నాకు పది అడుగుల నడక.