బేడకు పన్నెండా, పదమూడా?

కిందటి సంచిక అందిన వారానికి ఒక సోదరి మాకు జాబు వ్రాశారు. ఆరవ తరగతి చదివే వారి అబ్బాయి 12.5ను దగ్గరి పూర్ణసంఖ్యకు సవరించి 13 అని వ్రాశాడట. పక్కనే కూర్చున్న నాయనమ్మగారు, "బేడకు పన్నెండు నయాపైసలేరా! పదమూడు ఎవరిచ్చారు?" అని పట్టుబట్టారట. తగవు మా వద్దకు వచ్చింది. ఇద్దరి మాటా నిజమే.

ముందు బడి పద్ధతి చెబుతాము. మన పిల్లలలో చాలామంది లెక్కలు వేరే భాషలో చదువుతారు గనుక తెలుగు మాట కూడా తెలియాలి: ఒక సంఖ్యకు బదులు దానికి దగ్గరి పదో, వందో, పూర్ణసంఖ్యో వ్రాయడాన్ని 'సవరించడం' అంటారు. ఏ స్థానం వరకు కావాలో నిశ్చయించుకుని, దానికి కుడిపక్కనున్న ఒక్క అంకెను చూడాలి. అది 5 కన్న తక్కువైతే మన స్థానంలోని అంకె మారదు. 5 గాని, అంతకు మించి గాని అయితే ఒకటి పెరుగుతుంది. కుడివైపు మిగిలిన అంకెలు పూర్ణసంఖ్యలో సున్నలవుతాయి, దశాంశాలలో రాలిపోతాయి. 4,738ని పదులకు సవరిస్తే 4,740, వందలకు 4,700, వేలకు 5,000. అలాగే 7.346 రెండు దశాంశ స్థానాలకు 7.35, ఒక స్థానానికి 7.3.

ఇక్కడే పిల్లలు తప్పటడుగు వేస్తారు. 7.35 చేసుకున్నాక దానినే మళ్లీ సవరించి 7.4 అంటారు. అసలు సంఖ్య 7.346, అది 7.3కే దగ్గర. ఎప్పుడైనా అసలు సంఖ్యను పట్టుకుని ఒక్కసారే సవరించాలి.

ఇక నాయనమ్మగారి బేడ. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చినప్పుడు పదహారణాల రూపాయికి నూరు నయాపైసలయ్యాయి. ('నయా' అన్న మాట 1964లో పోయింది, పైస మిగిలింది.) అంటే అణాకు 6.25. అణాకు ఆరు, మూడణాలకు పందొమ్మిది, పావలాకు ఇరవై అయిదు అని చెప్పడంలో పేచీ లేదు. బేడ మాత్రం సరిగ్గా 12.5. సగాన్ని పైకి చేర్చమంటుంది బడి. రెండు పక్కలా సమాన దూరమైతే కింది నాణేనికే లెక్కకట్టమన్నది నాటి చట్టం. అందుకే బేడకు 12, ఆరణాలకు 37. ఇవి చాలవన్నట్లు 1960లో భారతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 2 అనే ప్రమాణంలో ఇంకొక దారి చూపింది: సరిగ్గా సగమైతే సరిసంఖ్య వైపు పోవాలి. దాని ప్రకారం 12.5 పన్నెండు, 37.5 ముప్పై ఎనిమిది. సగం ఎటు పోవాలన్నది మనుషులు చేసుకున్న ఒప్పందం. పరీక్షలో మాత్రం అబ్బాయి బడి ఒప్పందాన్నే పాటించాలి.

డబ్బు విషయంలో అంతకన్న ముఖ్యమైనది మరొకటి ఉంది. ఎనిమిది బేడలను వేరువేరుగా మార్చి కూడండి: చట్టం ప్రకారం 96, బడి ప్రకారం 104. ముందే కలిపి మార్చితే అది రూపాయి, నూరు పైసలు. నాయనమ్మగారి లెక్కలో నాలుగు తరిగాయి, మనవడి లెక్కలో నాలుగు పెరిగాయి. తప్పు ఇద్దరిదీ కాదు, కూడకముందే సవరించడంలో ఉంది.

ఇది పాతకాలపు ముచ్చట కాదు. పావలా, అంతకన్న చిన్న నాణేలు 2011 జూన్ 30తో చెలామణి నుంచి తొలగాయి గనుక కొట్లో బిల్లును రూపాయలకు సవరించడం మామూలయింది. 10 రూపాయల 40 పైసల సరుకులు మూడు కొంటే విడివిడిగా సవరించిన మొత్తం 30, కలిపి సవరించినది 31. ఈసారి లాభం కొన్నవారిది, వెల 10.60 అయివుంటే 33, 32 అయి కొట్టువాడిది. బిల్లు చేతికి రాగానే సవరణ చివరి వరుసలో ఒక్కచోటే ఉందా అని చూసుకోవడం మాకు అలవాటు. ఇంట్లోవారు నవ్వుతారు, నవ్వనీయండి.

పిల్లలకు ఈ నెల లెక్క: ఏడణాల చొప్పున నాలుగు సార్లు ఖర్చయింది. ఒక్కొక్కటీ నయాపైసలలోకి మార్చి కూడితే ఎంత, నాలుగూ కలిపి మార్చితే ఎంత? జవాబులు కార్డు మీద వ్రాసి పంపండి. నాయనమ్మలు కూడా పంపవచ్చును.