రెక్క కింది మంట కాక్‌పిట్‌కు ఎప్పుడు తెలుస్తుంది?

1985 ఆగస్టు 22 ఉదయం మాంచెస్టర్ రన్‌వే మీద బ్రిటిష్ ఎయిర్‌టూర్స్ బోయింగ్ 737 ఒకటి పరుగు అందుకుంటోంది. సెలవులకు కోర్ఫూ దీవికి వెళ్తున్న జనం అందులో ఉన్నారు. ఉన్నట్టుండి ధబ్బుమని చప్పుడైంది. టైరు పేలిందనుకున్న పైలట్లు టేకాఫ్ ఆపేశారు. బ్రేకులు మరీ గట్టిగా తొక్కొద్దని కెప్టెన్ కో పైలట్‌ను హెచ్చరించాడు కూడా. పేలింది టైరు కాదు. ఎడమ ఇంజిన్‌లో ఇంధనం మండే డబ్బాల్లో ఒకటి పగిలి, ఎగిరొచ్చిన ముక్క రెక్క అడుగున ఉన్న ట్యాంకు మూతకు కన్నం పెట్టింది. అక్కణ్ణుంచి ఇంధనం ధారకట్టి అంటుకుంది. కిటికీల పక్కన కూర్చున్నవాళ్లకు మంట కనిపిస్తూనే ఉంది. కాక్‌పిట్‌లో ఫైర్ బెల్ మోగింది మాత్రం చప్పుడైన తొమ్మిది సెకన్లకు.

తొమ్మిది సెకన్లు ఏమంత ఆలస్యం అనిపించవచ్చు. కానీ ఆ బెల్ చెప్పగలిగింది కూడా ‘ఎడమ ఇంజిన్‌లో మంట’ అనే ఒక్క మాట. రెక్క కింద ఎంత ఇంధనం పారుతోందో, గాలి ఆ మంటను ఎటు తోస్తుందో దానికి తెలియదు. విమానం రన్‌వే వదిలి కుడికి తిరిగి ఆగింది. అలా ఆగడంతో తేలికపాటి గాలే మంటను నేరుగా విమానం ఒంటి మీదికి తెచ్చింది. మొత్తం 137 మందిలో 55 మంది చనిపోయారు, ఎక్కువ మంది పొగకే.

ఈ బెల్ ఎలా మోగుతుందో చూస్తే దాని హద్దు కూడా తెలుస్తుంది. ఇంజిన్ చుట్టూ ఉండే కవచాన్ని నాసెల్ అంటారు. దాని లోపల సన్నటి లోహపు గొట్టాలు అల్లుకుని ఉంటాయి, అవే ఫైర్ లూపులు. ఒక రకంలో గొట్టం మధ్యలో తీగ, తీగకూ గొట్టానికీ నడుమ సిరామిక్ పదార్థం ఉంటాయి. వేడి తగిలితే ఆ పదార్థం నిరోధం పడిపోయి కరెంటు పారుతుంది. రెండో రకం చూస్తే ముచ్చటేస్తుంది. ఒకటిన్నర మిల్లీమీటర్ల లావున్న గొట్టంలో హీలియం నింపి, మధ్యలో హైడ్రోజన్ పీల్చుకున్న టైటానియం తీగ పెడతారు. గొట్టమంతా వేడెక్కితే హీలియం ఒత్తిడి పెరిగి స్విచ్ పడుతుంది. ఒక్కచోటే మంట తగిలితే అక్కడి తీగ హైడ్రోజన్‌ను వదిలి అదే స్విచ్‌ను నొక్కుతుంది. గొట్టం తెగితే హీలియం బయటికి పోయి, వేరే స్విచ్ తెరుచుకుని తాను పనికిరాకుండా పోయానని తానే చెప్పుకుంటుంది. కంప్యూటర్ అక్కర్లేని తెలివి ఇది.

పాత రోజుల్లో ఇంజిన్‌కు ఒకటే లూపు ఉండేది. తేమ చేరడం, కనెక్టర్లు వదులవడం, అదురుకు గొట్టం ఒరుసుకుపోవడం వల్ల ఉత్తుత్తి బెల్లులు మోగేవి. మంట లేకుండానే బాగున్న ఇంజిన్‌ను ఆపేయడం కూడా ప్రమాదమే. అందుకే రెండు లూపులు పెట్టి, రెండూ ఔనంటేనే బెల్ మోగేలా చేశారు. ఒకటి చెడిపోతే రెండోదాని మాటే చెల్లుతుంది. ఎయిర్‌బస్ ఏ320లో ఇంకో మెలిక ఉంది. రెండు లూపులూ ఐదు సెకన్లలోపు ఒకదాని వెంట ఒకటి తెగిపోతే దాన్ని రిపేరు సమస్యగా లెక్కగట్టరు. మంటే వాటిని కాల్చేసిందని తీసుకుని బెల్ కొడతారు.

ఇంతవరకూ వంక పెట్టడానికేమీ లేదు. అయితే ఈ తెలివంతా నాసెల్ లోపలికే, అదీ వేడికే. బయటి మంట గొట్టాన్ని తాకేదాకా బెల్‌కు సంబంధం లేదు. ఇంజిన్ గొంతులోంచి తోకవైపు ఎగజిమ్మే మంటా అంతే, గ్యాసు దారిలోనే పుట్టి బయటికి పోతుంది.

1989 జనవరి 8న బ్రిటిష్ మిడ్‌లాండ్ 737-400 విషయంలో జరిగింది ఇదే. లండన్ నుంచి బెల్‌ఫాస్ట్ వెళ్తూ పైకెక్కుతుండగా ఎడమ ఇంజిన్ ఫ్యాన్ బ్లేడు విరిగింది. విమానం వణికింది, పొగ వాసన వచ్చింది. పైలట్లు కుడి ఇంజిన్ చెడిందనుకుని దాన్ని తగ్గించి, తర్వాత ఆపేశారు. ఆ క్రమంలో ఇంజిన్ శక్తిని తనంతట తానే సర్దే ఆటోథ్రాటిల్‌ను కూడా తప్పించడంతో ఎడమ ఇంజిన్ కాసేపు కుదుటపడింది. తమ నిర్ణయం సరైనదేనన్న నమ్మకం పైలట్లకు కుదిరింది. కుడి ఇంజిన్‌లో లోపం వచ్చిందని కెప్టెన్ మైకులో చెప్పినప్పుడు, ఎడమవైపు నిప్పురవ్వలు చూసిన ప్రయాణికులు వెనక సీట్లలో ఉన్నారు. క్యాబిన్ సిబ్బందిలోనూ చూసినవాళ్లున్నారు. ఎవరూ ముందుకెళ్లి చెప్పలేదు. ఎడమ ఇంజిన్ ఫైర్ బెల్ మోగింది రన్‌వే దగ్గరపడి, ఆ ఇంజిన్ కూడా చచ్చిపోయాక. విమానం కెగ్‌వర్త్ ఊరి పక్కన ఎం1 రహదారి గట్టుకు కొట్టుకుంది. 47 మంది చనిపోయారు.

ఆ ప్రమాదంపై బ్రిటిష్ దర్యాప్తు చేసిన సిఫార్సుల్లో, విమానం బయటి పరిస్థితిని కెమెరాలతో పైలట్లకు చూపించే పరిశోధనను వేగవంతం చేయాలన్నదీ ఒకటి. మూడున్నర దశాబ్దాలు దాటినా, చాలా విమానాల్లో కాక్‌పిట్ నుంచి ఇంజిన్ కనిపించదు. పెద్ద విమానాలకు తోక మీద, పొట్ట కింద కెమెరాలు వచ్చాయి. అవి ప్రధానంగా నేల మీద మలుపులు తిప్పుకోవడానికి. 2016 జూన్ 27న సింగపూర్ ఎయిర్‌లైన్స్ 777 ఒకటి మిలాన్ దారిలో ఇంజిన్ ఆయిల్ తేడా చూసి వెనక్కి వచ్చి చాంగిలో దిగింది. దిగగానే కుడి రెక్క అంటుకుంది. ఇంధనంతో ఆయిల్‌ను చల్లార్చే పరికరంలో ఒక గొట్టం చిట్లి, ఇంధనం చేరకూడని చోటికి చేరింది. 241 మందీ క్షేమం. తర్వాత దర్యాప్తు ఎత్తిచూపింది వేరే సంగతి: ప్రయాణికులను దింపాలా వద్దా అన్నదానికి పైలట్లు కింద ఉన్న ఫైర్ కమాండర్ మాట ఒక్కదాన్నే ఆధారం చేసుకున్నారు. విమానానికి ఉన్న కెమెరాలను వాడుకోలేదు.

అదే ఏడాది అక్టోబర్ 28న చికాగోలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ 767 కుడి ఇంజిన్ డిస్కు పగిలింది. మంట చూసిన క్యాబిన్ సిబ్బంది కాక్‌పిట్‌తో మాట్లాడబోతే ఇంటర్‌ఫోన్ వాడకం సరిగ్గా కుదరలేదు. జనం స్లైడ్ల మీద నుంచి జారుతున్నా ఎడమ ఇంజిన్ ఇంకా తిరుగుతూనే ఉంది, దాని గాలి దెబ్బకు ఒక ప్రయాణికుడు తీవ్రంగా గాయపడ్డాడు. నేల మీద మంట వస్తే వేరే చెక్‌లిస్టు ఉండాలని అమెరికా దర్యాప్తు సంస్థ సూచించింది.

ఇక మంటను వేరే పద్ధతిలో పట్టే చోటుతో ఒక పోలిక. సముద్రంలో చమురు తీసే ప్లాట్‌ఫారాలు మంటను వేడితో కాదు, వెలుతురుతో పట్టుకుంటాయి. హైడ్రోకార్బన్ మండితే పుట్టే వేడి కార్బన్ డయాక్సైడ్ సుమారు 4.4 మైక్రాన్ల పరారుణ కాంతిని ఎక్కువగా వెదజల్లుతుంది. మూడు కాంతి పట్టీలను చూసే సెన్సర్ ఆ కాంతినీ, దాని అటూ ఇటూ ఉన్న కాంతినీ, మంట మినుకుమినుకుమనే తీరునూ సరిచూసుకుని మాట చెబుతుంది. ఒకే మూలను రెండు మూడు సెన్సర్లు చూస్తాయి. ఒక్కటి కూస్తే ఆపరేటర్ చూస్తాడు, రెండు కూస్తే యంత్రాలే ఆగుతాయి. అంతకంటే ముఖ్యం, వాళ్లు మంట దాకా ఆగరు. గ్యాసు లీకైనప్పుడే అలారం కొడుతుంది. సింగపూర్ విమానంలోనూ ఇంధనం లెక్క కుదరడం లేదని సందేశం ముందే వచ్చింది. లీకుకు అది తొలి సూచన. పైలట్లు చెక్‌లిస్టు చూసి, లీకు లేదనే అభిప్రాయానికి వచ్చారు.

అయితే ప్లాట్‌ఫారాన్ని విమానానికి యథాతథంగా అతికించలేం. బ్లాక్‌హాక్ హెలికాప్టర్లలో పరారుణ సెన్సర్లున్నాయి. సాయంకాలపు ఎండ పడితే అవి ఉత్తుత్తి మంట చూపించే అవకాశముందని పైలట్లకు హెచ్చరిక ఉంది. టేకాఫ్ వేళ అలాంటి అబద్ధం ప్రాణాంతకం కావచ్చు. అందుకే నా మొగ్గు కొత్త సెన్సరు కన్నా కెమెరా వైపు. అది ఇంజిన్‌ను ఆపమనదు, బెల్ కొట్టదు. అనుమానం వచ్చిన పైలట్‌కు చూపిస్తుంది, అంతే. అద్దానికి మురికి పడుతుంది, రాత్రి మంట వెలుగుకు బొమ్మ తెల్లబారుతుంది, నిజమే. కెగ్‌వర్త్‌లో మసక బొమ్మ ఉన్నా చాలేది. ఏ వైపు అన్నదే అక్కడి ప్రశ్న. ఆ కెమెరాతో పాటు క్యాబిన్ నుంచి ఎవరు ఏం చెప్పినా వినే అలవాటు కాక్‌పిట్‌కు ఉండాలి. ఇది సెన్సర్ల కంటే చౌక, నేర్పడం మాత్రం కష్టం.

మన రోడ్ల మీద నడిచే బస్సులకూ ఇదే చిక్కుంది. మన దేశంలో బస్సుల మంట భద్రతకు పెట్టిన ఏఐఎస్-135 ప్రమాణం మొదట ఇంజిన్ గదిలో మంటను పట్టి ఆర్పే వ్యవస్థ గురించే మాట్లాడింది. 2013 అక్టోబర్ 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర 45 మందిని బలిగొన్న ఓల్వో బస్సు మంట మొదలైంది ఇంజిన్‌లో కాదు, కల్వర్టుకు కొట్టుకుని పగిలిన డీజిల్ ట్యాంకులో. 2025 అక్టోబర్ 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో బస్సు తన కింద ఇరుక్కున్నదాన్ని ఈడ్చుకెళ్లగా, ఆ మోటార్‌సైకిల్ నుంచి మంట పుట్టింది. వెనక ఇంజిన్ గదిలో ఎంత మంచి సెన్సరున్నా ఆ మంట దాన్ని చేరేసరికి ముందు తలుపు దగ్గర పని అయిపోతుంది. ప్రయాణికులు కూర్చునే భాగానికి కూడా అలారం ఉండాలని కేంద్ర రవాణా శాఖ 2022 జనవరిలో నోటిఫికేషన్ ఇచ్చింది. అది ఎన్ని స్లీపర్ బస్సుల్లో నిజంగా పనిచేస్తోందో ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు ఒకసారి పొగపెట్టి చూస్తే తెలుస్తుంది.