సాయుధ బలములు – స్త్రీ రక్షణము

చిలమత్తూరు మొదలు గుత్తి వరకుగల మన సీమవారు హంపన్నను మరువరాదు. 1893 అక్టోబరు 4వ తేదీన గుంతకల్లు చెంత ఆంగ్ల సైనికులు ఇద్దరు స్త్రీలను వెంటాడగా, రైల్వే గేటు కావలివాడైన హంపన్న వారికి ఆశ్రయమిచ్చి, అడ్డునిలిచి, తుపాకిగుండునకు బలియయ్యెను. మదరాసు హైకోర్టున విచారణ జరిగినది, ముద్దాయి విడుదలపొందెను. గుత్తి న్యాయవాది కేశవపిళ్లెగారు ఈ యన్యాయమును పత్రికాముఖమున లోకమునకు చాటిరి.

అది పరప్రభుత్వము. స్వప్రభుత్వమున నేమి జరిగినది? 2007 ఆగస్టు 20వ తేదీన నాటి విశాఖపట్టణము జిల్లా వాకపల్లిలో, నక్సలైట్లకై గాలింపునకు వచ్చిన గ్రేహౌండ్సు పోలీసులు తమను చెరచిరని 11 మంది కోందు స్త్రీలు ఫిర్యాదు చేసిరి. కేసును కొట్టివేయుటకు 2017లో సుప్రీముకోర్టు నిరాకరించెను. తుదకు 2023 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణపు ప్రత్యేక న్యాయస్థానము 13 మంది పోలీసులను నిర్దోషులుగా విడుదలచేయుచు, దర్యాప్తులోని లోపముల నెత్తిచూపి, ఆ స్త్రీలకు పరిహార మిప్పింపుమని యాజ్ఞాపించెను.

విడుదలైనవారిని దోషులనుట మా యుద్దేశము కాదు. సాక్ష్యము లేనిదే శిక్ష విధింపరాదనుట న్యాయమునకు ప్రాణము. కాని సాక్ష్యమును సకాలమున సేకరింపవలసిన వారెవరు? పోలీసులపై వచ్చిన ఫిర్యాదును పోలీసులే దర్యాప్తుచేసిన నింతకన్న నేమి తేలును?

1949 నాటి జెనీవా ఒడంబడికల 3వ అధికరణము అంతర్యుద్ధములందును మానవగౌరవమునకు భంగము కలిగింపరాదని శాసించినది. భారతదేశము వానిని 1950లో అంగీకరించెను. 1998లో రువాండా ట్రిబ్యునలు, అకయేసు కేసులో, మానభంగము జాతినిర్మూలనమునకు సాధనము కాగలదని తీర్పుచెప్పెను. ఆ యేటనే కుదిరిన రోము ఒడంబడిక, దేశములోపలి పోరులందును దానిని యుద్ధనేరముగా నెంచినది. మన దేశ మందు చేరలేదు. చేరినను, స్వదేశ న్యాయస్థానములు విచారింప నొల్లనప్పుడో, విచారింపలేనప్పుడో గాని హేగు న్యాయస్థానము కలుగజేసికొనదు. కావున భారము మనదే.

సాయుధ బలములవారు తాము నియుక్తులైన ప్రాంతమున స్త్రీని చెరచిన కఠినశిక్ష విధింపవలెనని 2013లో మన శిక్షాస్మృతియందే చేర్చిరి. చట్టమునకు కొఱత లేదు, దర్యాప్తునకే కొఱత. ఇట్టి ఫిర్యాదులను ఆ శాఖకు లోబడని స్వతంత్రాధికారి విచారింపవలెను. వైద్యపరీక్షయు, నిందితుల గుర్తింపును ఆలస్యము లేక జరుగవలెను.

తెల్ల సోల్జరుపై నింద వచ్చినప్పు డొక కొలతయు, మన పోలీసుపై ఫిర్యాదు వచ్చినప్పుడు వేరొక కొలతయు నుండుట దేశభక్తి కాదు. ఆయుధము లేని హంపన్న చేసిన పనిని, సర్వాధికారములు గల ప్రభుత్వము చేయలేదా?