పేరు సేవ, పని వెట్టి

అర్ధరాత్రి వాడలో నొప్పులు మొదలైతే ఎవరి తలుపు కొడతాం? డాక్టరుదా? సర్పంచిదా? ఆశమ్మ తలుపు కొడతాం. ఆమె 108కి ఫోను చేసి, ఆ పిల్లని బండెక్కించుకొని ఆసుపత్రికి పోతుంది. కాన్పయ్యేదాకా ఉంటుంది. డాక్టరుకో గది ఉంది, నర్సుకో గది ఉంది, వాచ్‌మన్‌కి కుర్చీ ఉంది. ఈమెకి వరండా మెట్లు. తెల్లారి ఇల్లు చేరితే మొగుడి మొదటి మాట, టీ ఏదని.

2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్ పెట్టినప్పుడు ఢిల్లీ సర్కారు రూలు రాసింది. వెయ్యి మంది జనానికి ఒక ఆశ. ఆ ఊళ్ళోనే కాపురముండాలి. పెళ్ళయినదో, మొగుడు పోయినదో, విడిపోయినదో కావాలి. ఆడదే కావాలి. అంత ఖచ్చితంగా ఆడదే అని రాసిన చేతికి జీతం అని రాయడానికి సిరా చాల్లేదు! స్వచ్ఛంద సేవ అన్నారు. కూలి కాదు, ప్రోత్సాహకం అన్నారు. జిల్లా ఆరోగ్యాధికారి కుర్చీలో ఆడదే కూర్చోవాలని ఏ రూలూ లేదు, అట్టడుగు మెట్టుకే ఆ రూలు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థే లెక్క తేల్చింది. లోకంలో వైద్యం పని చేసేవాళ్ళలో నూటికి 70 మంది ఆడవాళ్ళు, పెద్ద పదవుల్లో మాత్రం 25 మందే.

రేటు చూడండి. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డని 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికెళ్ళి చూస్తే కేంద్రం కట్టినది 250 రూపాయలు. గడపకి 41 రూపాయల చిల్లర. రోజుకు రెండు మూడు గంటల పనే గదా అంటారు ఆఫీసర్లు. నొప్పులు గడియారం చూసి వస్తాయా అయ్యా?

మన వాడలకి ఇది కొత్త కాదు. బొడ్డు కోసేది, మాయ పూడ్చేది అంటుపని అని మన అమ్మమ్మల నెత్తిన పెట్టారు. చేతులు నెత్తురైతే మా అమ్మమ్మవి, వంశం నిలబడితే దొరది. చాటెడు గింజలు, పాత చీర పడేసి గడప బయటినుంచే పంపారు. ఆ చాటెడు గింజలకే ఇప్పుడు ప్రోత్సాహకమని పేరు.

2020లో కరోనా వచ్చింది. కన్నబిడ్డలే దగ్గరికి రాని ఇళ్ళకి ఆశమ్మలు పోయారు. ఆ ప్రమాదానికి కేంద్రం అదనంగా కట్టిన వెల నెలకు వెయ్యి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వీళ్ళకి అవార్డిచ్చింది. మంచిదే. అవార్డు కడితే కిరాణా కొట్టువాడు బియ్యమిస్తాడా?

వచ్చిన కాస్తా కొట్లాడితేనే వచ్చింది. 2015లో తెలంగాణ ఆశాలు వంద రోజులకు పైగా సమ్మె చేశారు. ఆంధ్రలో 2019లో నెలకు 10,000 చేశారు, అదీ ‘గౌరవ వేతనం’ పేరుతో. ప్రసూతి సెలవు చట్టం 1961 నాటిది. ఊరందరి కాన్పులకి తోడుపోయే ఆశకి తన కాన్పు సెలవు ఆంధ్రలో ప్రకటించింది 2025లో. ఇరవై ఏళ్ళు! 2013లోనే భారత కార్మిక మహాసభ స్కీముల్లో పనిచేసేవాళ్ళని కార్మికులుగా గుర్తించి కనీస వేతనం ఇవ్వమంది. ఆ కాగితం మీద దుమ్ము పేరుకుంది. కార్మికులని రాయండి, జీతమని రాయండి, ఆసుపత్రిలో రాత్రిపూట ఒరిగేందుకు ఓ గది ఇవ్వండి. ఇంతే మేం అడిగేది.

సర్కారునొక్కదాన్నే తిడితే సరిపోదు. మా సంఘాల సంగతీ చెప్పుకోవాలి. సభకి మనుషులు కావాలంటే ఆశమ్మని పిలుస్తాం, ఇల్లిల్లూ తిరిగి పోగేస్తుంది. మైకు దగ్గరికొచ్చేసరికి మగోళ్ళమే ఉంటాం. టీ గ్లాసులు కడిగేదీ ఆమే. సేవ అని సర్కారు అన్నట్టే మేమూ అన్నాం.

ఈసారి ఆశాలు ధర్నాకి పోయేనాడు వాడలో గంజి కాచేది, పిల్లల్ని బడికి పంపేది మగోళ్ళు. ఎవరెవరు కాస్తారో పేర్లు ఇప్పుడే చెప్పండి, అన్నలారా.