వసంత విహారం - ఊరి జాతర

చలి తగ్గి, చెట్లు చిగిర్చి, కోకిల గొంతు విప్పే వేళకు గడప దాటి తోటలోకి నడవాలనిపించడం ఏ ఒక్క జాతికో చెందిన గుణం కాదు. కావ్యంలో ఉండదగిన అష్టాదశ వర్ణనలలో ఋతువర్ణనకు, ఉద్యాన విహారానికి మన ఆలంకారికులు స్థానమిచ్చింది ఇందుకే. కొండవీటి రెడ్డిరాజులు వసంతోత్సవాలను మహావైభవంగా జరిపించారు. కుమారగిరిరెడ్డికి ‘కర్పూర వసంతరాయ’ అనే బిరుదు ఆ ఉత్సవాల వల్లనే కలిగింది. వాటికి కావలసిన సుగంధద్రవ్యాలను సమకూర్చిన అవచి తిప్పయసెట్టికే శ్రీనాథ మహాకవి ‘హరవిలాసం’ అంకితమిచ్చాడు. కాని ఆ వైభవం ఆ రాజ్యంతోనే అస్తమించింది. గ్రంథాలలో మిగిలినది మనం చదివి, పరీక్షలో వ్రాసి, మరచిపోతున్నాము.

జపాన్ దేశంలో కూడ వసంతోత్సవం మొదట రాజాస్థానానిదే. క్రీ.శ. 812లో సాగా చక్రవర్తి క్యోటో నగరంలోని ఉద్యానంలో చెర్రీ పూల క్రింద విందు చేసినట్లు ఆ దేశపు చరిత్ర గ్రంథం చెబుతున్నది. 18వ శతాబ్దిలో షోగన్ తొకుగవ యోషిమునే ఇప్పటి టోక్యో నగరంలో అసుకయామా వంటి చోట్ల ఆ చెట్లను నాటించి, సామాన్యులు సైతం వాటి క్రింద కూర్చొని ఆనందించే వీలు కల్పించాడు. రాజు పండుగ ప్రజల పండుగ అయింది. నేడు దానిని ‘హనామి’ అంటారు. పూలను చూడడమని దాని అర్థం. టోక్యోలో ఎంపిక చేసిన ఒక చెట్టుకు అయిదారు పూలు విచ్చుకోగానే అక్కడ చెర్రీ పూత మొదలైనట్లు వాతావరణ శాఖ ప్రకటిస్తుంది. ఆ పూలు వారం పదిరోజులకు మించి నిలువవు. నిలువవు గనుకనే పని మానుకొని మరీ చూస్తారు.

నా పూర్వ విద్యార్థి ఒకడు టోక్యోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. భారతీయులు ఎక్కువగా నివసించే నిషికసాయి ప్రాంతంలో ఉంటాడు. మొదటి వసంతంలో సహోద్యోగులతో హనామికి వెళ్ళి నాకు ఉత్తరం వ్రాశాడు. చెట్ల క్రింద నీలిరంగు పట్టాలు పరచుకొని అందరూ ఇంటి నుంచి తెచ్చిన తినుబండారాలు పంచుకున్నారట. వీడు తల్లి పంపిన మాడుగుల హల్వా పెట్టాడట. గోధుమపాలు, నెయ్యి కలిసిన ఆ రుచికి ఆశ్చర్యపడి, ‘మీ ఊరిలో ఏ పండుగకు దీనిని చేస్తారు?’ అని వారు అడిగారట. లేచేటప్పుడు చిన్న కాగితం ముక్క కూడ విడువకుండ సంచులలో వేసుకొని ఇంటికి తీసుకొనిపోయారట. కార్తికంలో ఉసిరిచెట్టు క్రింద మనం చేసే వనభోజనాలు వానికి గుర్తుకు వచ్చాయట. భోజనానంతరం మనం అక్కడే వదలివచ్చే విస్తళ్ళు, ప్లాస్టిక్ గ్లాసులు కూడ గుర్తుకు వచ్చాయట.

రెండవ ఉత్తరం నన్ను కలచివేసింది. ‘మత్సురి’ అనే ఊరి జాతరలో ‘మికోషి’ అనే దేవతా పల్లకిని పేటవాసులు భుజాలపై మోస్తారు. వాని వీధి పెద్ద ఒకాయన ఇతనిని పిలిచి, ఒక కొయ్యకు భుజం పట్టమన్నాడు. విశ్రాంతి వేళలో, ‘మీ ఊరిలో దేవతను ఎట్లా ఊరేగిస్తారు?’ అని అడిగాడు. “మాస్టారూ, నేను సమాధానం చెప్పలేకపోయాను. మన జాతరను నేను మేడ మీద నుంచి చూశానే గాని, ఏనాడూ దిగి నడవలేదు” అని వ్రాశాడు.

ఆ దోషంలో నాకు పాలున్నది. వాడు ఇంటర్ చదివే రోజుల్లో కొత్త అమావాస్యకు ఒక్క పూట సెలవు ఇమ్మని వాని తండ్రి నా వద్దకు వచ్చాడు. “జాతర ఏటేటా వస్తుంది, పరీక్ష ఒక్కసారే వస్తుంది” అని పంపించివేశాను. ఆనాడు అది వివేకమనుకున్నాను. జాతర ఏటేటా వచ్చే మాట నిజమే. కాని పిల్లవాడు ఏటేటా ఊరిలో ఉండడని తోచలేదు.

మన వసంతం పేదది కాదు. చైత్రానికి ముందే మన కొండవాలులో మోదుగులు ఎర్రబడతాయి, ఇప్పపూలు రాలుతాయి. ఉగాదికి ముందురోజైన కొత్త అమావాస్యతో అనకాపల్లి నూకాంబిక జాతర ఆరంభమై నెల దినాలు సాగుతుంది. ఘాట్ రోడ్డు ఎక్కి పాడేరు వైపు పోతే చైత్రంలో గిరిజనుల ఇటుకల పండుగ, థింసా నృత్యం కనిపిస్తాయి. లోటు పూలలో లేదు, పండుగలలో లేదు. వాటికి మనమిచ్చే తీరికలో ఉన్నది.

జాతరలలో అపశ్రుతులు లేవా అని అడుగవచ్చు. ఉన్నాయి. చెవులు చిల్లులు పడే మైకులు, త్రాగుడు, అప్పుచేసి పెట్టే ఆర్భాటం ఎవరూ మెచ్చదగినవి కావు. అయితే చదువుకున్నవారు తప్పుకుంటే అవి తగ్గవు, పెరుగుతాయి. పరీక్షల విలువను కూడ నేను కాదనను. ఒక్క పూట జాతరకు పోయినందువల్ల చెడే చదువు, పోకపోయినా నిలుస్తుందని మాత్రం నమ్మను.

మోసే భుజాలు లేకపోతే ఎంతటి పండుగైనా ఆగిపోతుంది. జపాన్‌లోని ఇవాతె ప్రాంతంలో కొకుసెకిజి అనే ఆలయంలో వెయ్యేళ్ళకు పైగా సాగిన ఉత్సవం 2024 ఫిబ్రవరిలో చివరిసారిగా జరిగింది. దానిని ఏ ప్రభుత్వమూ నిషేధించలేదు. నిర్వహించే పెద్దలు వృద్ధులైనారు. వారి చోట నిలిచే యువకులు కరువైనారు. పూలకు అంత విలువ ఇచ్చే దేశంలోనే ఇది జరిగినప్పుడు మనం నిశ్చింతగా ఉండడం తగదు.

కనుక కళాశాలలు జాతరనాడు ఒక పూట సెలవిచ్చి, విద్యార్థులను ఊరిలోకి పంపాలని నా అభిప్రాయం. విద్యార్థులారా! మీలో కొందరు రేపు టోక్యోకో, మరో నగరానికో పోతారు. అక్కడి పూల క్రింద సంతోషంగా కూర్చోండి; అక్కడి పల్లకికి భుజం పట్టండి. పరుల పండుగను ప్రేమించడం స్వదేశానికి ద్రోహం కాదు. కాని పోకముందు ఒక్కసారైనా మన ఘటం వెంట నడవండి. డప్పు వాయించే పెద్దాయన వద్ద కూర్చొని ఆ దరువుల పేర్లు అడిగి తెలుసుకోండి. జాతర ముగిసిన మర్నాడు వీధి ఊడ్చేవారితో కలిసి చీపురు పట్టండి. పరదేశంలో ఎవరైనా ‘మీ ఊరిలో ఎట్లా చేస్తారు?’ అని అడిగిననాడు చెప్పడానికి మీకొక మాట ఉంటుంది.

నా విద్యార్థి వచ్చే కొత్త అమావాస్యకు సెలవుపై వస్తానని వ్రాశాడు. ఈసారి వానిని జాతరకు నేనే తీసుకొనిపోతాను.