50 కోట్లకి 2 లక్షల జరిమానా

50 కోట్ల యెన్లు దొంగచాటుగా పుచ్చుకున్న నాయకుడికి 2 లక్షల యెన్ల జరిమానా. అంటే పదివేలు నొక్కేసినవాడి దగ్గర నాలుగు వసూలు చేసి, "ఇంకెప్పుడూ ఇలా చెయ్యకు నాయనా" అని ఇంటికి పంపించడమన్నమాట. 1992 సెప్టెంబర్లో జపాన్లో జరిగిన ముచ్చట ఇది. చిన్న నేరాలకి కూడా జనం భయపడే దేశమనీ, పోయిన పర్సు తిరిగి ఇంటికొచ్చే దేశమనీ మనం తెగ చెప్పుకుంటామే, ఆ జపాన్లోనే.

ఆ నాయకుడి పేరు షిన్ కనెమారు. అప్పట్లో అధికారంలో ఉన్న లిబరల్ డెమోక్రటిక్ పార్టీకి (ఇకనుంచి ఎల్‌డీపీ అందాం) ఉపాధ్యక్షుడు. ప్రధానమంత్రి కుర్చీలో ఎవరు కూర్చోవాలో తెరవెనక నుంచి తేల్చే మనిషని పేరు. సగావా క్యూబిన్ అనే పార్సిల్ కంపెనీ వాళ్ళ నుంచి డబ్బు ముట్టిందని ఆగస్టులో తనే ఒప్పుకున్నాడు. ఆ తర్వాతైనా ప్రాసిక్యూటర్లు ఆయన్ని పిలిచి నాలుగు ప్రశ్నలు అడిగారా అంటే, లేదు. ఆయన రాసి పంపిన కాగితం తీసుకుని, కోర్టు మెట్లెక్కించకుండా, కాగితాల మీదే జరిమానా వేయించి ఫైలు మూసేశారు.

జనానికి ఒళ్ళు మండింది. ఒకాయన టోక్యోలో ప్రాసిక్యూటర్ల ఆఫీసు దాకా వెళ్ళి గేటు దగ్గరున్న బోర్డు మీద పసుపు రంగు కొట్టేశాడు. పక్కవాళ్ళకి ఇబ్బందని రైల్లో ఫోన్ మాట్లాడని జనాల్లో ఒకడు అంత పని చేశాడంటే కడుపు ఎంత రగిలిందో ఊహించుకోండి. ఇంతకన్నా విచిత్రం ఇంకోటి జరిగింది. సప్పోరోలో పెద్ద ప్రాసిక్యూటర్‌గా ఉద్యోగంలో ఉన్న మిచియో సాతో, అసాహి పత్రికలో తన పేరుతోనే తన సంస్థని ఎండగడుతూ వ్యాసం రాశాడు. మామూలు మనుషుల్నయితే పిలిచి ప్రశ్నిస్తారు కదా, ఈయన్ని ఎందుకు పిలవలేదన్నది ఆయన బాధ. మన కంపెనీ చేసిన వెధవపనిని మనమే పేపర్లో రాస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

కనెమారు అక్టోబర్లో పార్లమెంటు సభ్యత్వం వదులుకోక తప్పలేదు. 1993 మార్చిలో పన్ను ఎగవేత కేసులో అరెస్టయ్యాడు. సోదాల్లో గుట్టలుగా బాండ్లు, బంగారు కడ్డీలు బయటపడ్డాయి. ఆ ఏడాది జూన్‌లో ప్రభుత్వం మీద అవిశ్వాసం నెగ్గింది, ఎల్‌డీపీ చీలింది, ఆగస్టుకల్లా 1955 నుంచీ వదలని అధికారం చేజారింది. ఒక జరిమానా రసీదు ఇంత పని చేసిందా అంటే, అదొక్కటే కారణమని నేననను గానీ, అగ్గిపుల్ల మాత్రం అదే.

ఇక్కడిదాకా సినిమా కథలా ఉంది కదా. నేను రాయాలనుకున్నది ఈ తర్వాత సంగతి.

ఆ 2 లక్షల యెన్లు ప్రాసిక్యూటర్లు దయతలచి తగ్గించిన మొత్తం కాదండీ. ఆ నేరానికి అప్పటి చట్టంలో ఉన్న గరిష్ఠ శిక్షే అంత! ఒకరి దగ్గర్నుంచి ఏడాదికి 15 లక్షల యెన్లకి మించి విరాళం తీసుకోకూడదు, మించితే 2 లక్షల యెన్ల దాకా జరిమానా. అంతే, జైలు మాటే లేదు. పిలిచి ప్రశ్నించకపోవడం ప్రాసిక్యూటర్ల తప్పు, అందులో సందేహం లేదు. కానీ ఆ అంకె మాత్రం పార్లమెంటులో కూర్చున్నవాళ్ళు తమ గురించి తాము రాసుకున్నది. ఎవరి మీద నడవాల్సిన టెస్ట్ కేసుని వాళ్ళే రాసుకుంటే ఎప్పుడు ఫెయిలవుతుంది చెప్పండి? పసుపు రంగు పడాల్సిన బోర్డు నిజానికి ఇంకో బిల్డింగుది.

సరే, జనం కోపానికి జడిసి 1994లో చట్టం మార్చారు. ఆ జరిమానా కాస్తా ఏడాది దాకా జైలు లేదా 5 లక్షల యెన్ల దాకా జరిమానా అయ్యింది. కంపెనీల డబ్బుకి ఆశపడకుండా పార్టీలకి ప్రభుత్వమే డబ్బిచ్చే పద్ధతి పెట్టారు. దేశంలో మనిషికి 250 యెన్ల చొప్పున, పుట్టిన పసిపాపతో సహా. ఒక కప్పు కాఫీ ఖరీదుతో అవినీతి పోతుందంటే జనమూ సరేనన్నారు. ఏటా అది 3,000 కోట్ల యెన్ల పైమాటే. 2000 నుంచి రాజకీయ నాయకుల సొంత నిధి సంఘాలకి కంపెనీలు విరాళాలివ్వడం ఆగిపోయింది. కానీ పార్టీకి ఇవ్వొచ్చు, పార్టీ శాఖలకి ఇవ్వొచ్చు, నిధుల కోసం పెట్టే విందులకి టికెట్లు కొనొచ్చు. ముందు తలుపు మూసి కిటికీలు తెరిచిపెట్టడం అంటే ఇదే. (ఎల్‌డీపీని దించి వచ్చిన ప్రధాని హొసొకావా కూడా అదే సగావా కంపెనీ దగ్గర ఎప్పుడో తీసుకున్న 10 కోట్ల యెన్ల అప్పు గొడవలో 1994 ఏప్రిల్లో రాజీనామా ప్రకటించాడు. తిలాపాపం తలాపిడికెడు.)

ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆ కిటికీలోంచే దొంగలు పడ్డారు. ఎల్‌డీపీలో వర్గాలుండేవి. ఒక్కో వర్గం విందు పెట్టి, ఎంపీలకి ఇన్ని టికెట్లు అమ్మాలని కోటా ఇచ్చేది. కోటాకి మించి అమ్మితే ఆ పై డబ్బు ఎంపీకి తిరిగొచ్చేది. సేల్స్‌లో ఇన్సెంటివ్ లాగన్నమాట. అది పద్దుల్లో చూపించి ఉంటే నేరమే కాదు. చూపించలేదు. ఒక్క ఆబే వర్గంలోనే 2018 నుంచి 2022 దాకా పద్దుల్లోకి ఎక్కనిది దాదాపు 67 కోట్ల 50 లక్షల యెన్లు. 2024 జనవరిలో కేసులు పెట్టారు. ఎంపీల్లో ముగ్గురి మీద. మిగిలినవాళ్ళు అకౌంటెంట్లు, సెక్రెటరీలు. వర్గం పెద్దల్ని పిలిచి ప్రశ్నించారు గానీ ఒక్కరి మీదా కేసు లేదు. ఆబే వర్గం అకౌంటెంట్‌కి ఆ సెప్టెంబర్లో 3 ఏళ్ళ జైలు, 5 ఏళ్ళ పాటు అమలు నిలుపుదల. జపాన్ చట్టంలో 3 ఏళ్ళు దాటిన శిక్షని అలా నిలిపెయ్యడానికి వీల్లేదు, నిలుపుదల 5 ఏళ్ళు దాటడానికీ వీల్లేదు. అంటే జైలుకి పంపకుండా వెయ్యగలిగిన శిక్షల్లో అదే ఆఖరి మెట్టు. 2003లో రిక్రూట్ కుంభకోణం కేసులో ఎజోయెకి పడిందీ సరిగ్గా అంతే.

మరి పెద్దలెలా తప్పించుకున్నారు? ఈ సంగతి ప్రోగ్రాములు రాసేవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. ఆ చట్టం ప్రకారం పద్దుల బాధ్యత అకౌంటెంట్‌ది. పైనున్న నాయకుడికి శిక్ష పడాలంటే, అకౌంటెంట్‌తో కలిసి కుట్ర పన్నాడని రుజువు చెయ్యాలి. లేదంటే, అతన్ని ఎంచుకోవడంలో 'మరియు' అతని మీద కన్నేసి ఉంచడంలో, రెండింట్లోనూ అశ్రద్ధ చూపించాడని రుజువు చెయ్యాలి. కనిపించిందా? 'ఆర్' ఉండాల్సిన చోట 'ఆండ్' పెట్టారు. "నేను మంచి అకౌంటెంట్‌నే పెట్టుకున్నానండీ" అనగానే కండిషన్ ఫాల్స్. రెండో సగం ఎవరూ చూడక్కర్లేదు. కోడ్ రివ్యూలో ఫ్రెషర్ కూడా పట్టుకునే బగ్గు ఒక దేశపు చట్టంలో దశాబ్దాల పాటు ఉండిపోయిందంటే, అది బగ్గు అని నేననుకోను. కావాలని పెట్టుకున్న ఫీచర్.

జనం ఈసారీ మండిపడ్డారు. టోక్యోలో ఉండే మన తెలుగువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, 2024 ఫిబ్రవరి 16న ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు మొదలైన రోజుల్లో 'రిటర్నులు బహిష్కరిద్దాం' అనే నినాదం నెట్‌లో హోరెత్తింది. అంతకు ముందు అక్టోబర్లోనే కొత్త ఇన్‌వాయిస్ పద్ధతి వచ్చింది. ఫ్రీలాన్స్ ప్రోగ్రామర్లు, బొమ్మలేసుకునేవాళ్ళు కూడా ప్రతి కాగితానికీ లెక్క పెట్టుకోవాల్సిన పరిస్థితి. అలాంటి సమయంలో ఎంపీ "పద్దు రాయడం మర్చిపోయాం" అంటే సరిదిద్దుకుంటే చాలు, మామూలోడు మర్చిపోతే మాత్రం నోటీసు. శిక్ష తక్కువైందన్న కోపం కన్నా, ఒకే తప్పుకి రెండు రూల్సా అన్న కోపం ఇది. నాకు ఇదే సరైన కోపం అనిపిస్తుంది.

ఎందుకంటే "వాళ్ళని ఏళ్ళ తరబడి జైల్లో పడెయ్యాలి" అనే కోపం ఎక్కడికి పోతుందో కూడా జపాన్ చరిత్రలోనే ఉంది. మాజీ ప్రధాని కకుయే తనాకాకి లాక్‌హీడ్ కేసులో 1983 అక్టోబర్లో తేలిక శిక్షేం పడలేదు. 4 ఏళ్ళ జైలు, పైన 50 కోట్ల యెన్లు కట్టమన్నారు. రెండు నెల్లు దాటగానే ఎన్నికలొచ్చాయి. నిగాతాలో ఆయనకి 2 లక్షల 20 వేల ఓట్లు పడ్డాయి! అప్పీళ్ళ మీద అప్పీళ్ళు నడిచి, ఆఖరి తీర్పు రాకుండానే 1993 డిసెంబర్లో పోయాడు. కాగితం మీద కఠిన శిక్ష, చేతిలో ఏమీ లేదు.

రెండోది ఇంకా భయపెట్టే కథ. 2009లో ఆరోగ్య శాఖలో పెద్ద అధికారిణి అత్సుకో మురాకిని అరెస్టు చేశారు. ఒక ఎంపీ చెప్పాడని దొంగ సర్టిఫికెట్ ఇప్పించిందన్నది అభియోగం. పెద్ద తలకాయ దొరికిందని అంతా అనుకున్నారు. ఆవిడ ఐదు నెలలకి పైగా లాకప్‌లోనే ఉంది, తప్పు మాత్రం ఒప్పుకోలేదు. 2010లో నిర్దోషి అని తేలింది. తేలడమే కాదు, కేసు చూసిన ప్రాసిక్యూటర్ ఒక ఫ్లాపీ డిస్కులో ఫైలు తారీఖుని తన కథకి సరిపోయేలా మార్చేశాడని బయటపడింది. అవును, 'లాస్ట్ మాడిఫైడ్' తేదీ! చివరికి జైలుకెళ్ళింది ఆ ప్రాసిక్యూటరే. "ఎవడో ఒకణ్ణి లోపలెయ్యండి" అని జనం అరిచినప్పుడు, ఆ అరుపు విని పనిచేసేవాళ్ళలో ఇలాంటివాళ్ళూ ఉంటారు.

"అయితే ఏం చెయ్యమంటావు, ఊరుకోమంటావా?" అని మీరు అడగొచ్చు. ఊరుకోమనడం లేదు. కోపాన్ని శిక్ష సైజు మీద కాకుండా రెండు చోట్ల పెట్టమంటున్నాను. సంతకం ఎవరిది, పద్దు ఎవరు చూడొచ్చు.

సంతకం సంగతి కొంచెం కదిలింది. 2024 జూన్‌లో చట్టం సవరించారు. పద్దులు చూశానని నాయకుడే పత్రం ఇవ్వాలి. అకౌంటెంట్ తప్పుడు లెక్క రాసి, నాయకుడు సరిగ్గా చూడకుండానే పత్రం ఇచ్చాడని తేలితే జరిమానాతో పాటు ఓటు హక్కు, పోటీ చేసే హక్కు కొన్నాళ్ళు పోతాయి. అసలు మందు ఈ హక్కుల రద్దే. ఆ ముగ్గురు ఎంపీల్లో యాయిచి తనిగావా దాచిన మొత్తం 4 కోట్ల 30 లక్షలకి పైన, పడిన జరిమానా 10 లక్షలు. అది చూసి జనం నవ్వారు. కానీ దాంతో పాటు 3 ఏళ్ళు ఎన్నికల్లో నిలబడే హక్కు పోయింది. రాజకీయ నాయకుడికి అదెంత దెబ్బో వేరే చెప్పాలా? కాకపోతే "చూశాను గానీ కనిపెట్టలేకపోయాను" అంటే సరిపోతుందా అన్న సందు ఇంకా మిగిలే ఉంది. జనం కోపం చల్లారకుండా కాపలా ఉండాల్సింది ఆ సందు దగ్గరే.

ఇక పద్దు. ఈ టికెట్ల భాగోతం బయటపెట్టింది పోలీసులూ కాదు, ప్రాసిక్యూటర్లూ కాదు. 2022 నవంబర్లో కమ్యూనిస్టు పార్టీ పత్రిక అకహతా ఆదివారం సంచిక ముందు రాసింది. కోబే గకుయిన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ హిరోషి కమివాకి కూర్చుని, టికెట్లు కొన్న సంఘాల పద్దుల్ని, అమ్మిన వర్గాల పద్దుల్ని పక్కపక్కన పెట్టి చూశాడు. ఇటు ఉన్నవి అటు లేవు. అంతే, ఒక డిఫ్! దాంతో ఫిర్యాదులు పెట్టాడు. ఆ పద్దులు ఏళ్ళ తరబడి స్కాన్ చేసిన పీడీఎఫ్‌లుగా పెట్టేవాళ్ళు, అదీ ప్రచురించాక మూడేళ్ళ వరకే. అవే వెతకడానికి వీలుగా ఉంటే, ఆయన నెలల తరబడి చేసిన పనిని మనలాంటివాడు ఒక వీకెండ్‌లో స్క్రిప్ట్ రాసి చేసేవాడు. శిక్ష పదేళ్ళకి పెంచినా దొరకనని తెలిసినవాడికి భయముండదు. రేపు ఎవడో డిఫ్ కొడతాడని తెలిస్తే ఉంటుంది.

కేసు పెట్టకుండా వదిలేస్తే అడిగే దారి కూడా అక్కడుంది. లాటరీలో ఎంచిన 11 మంది మామూలు పౌరులు ప్రాసిక్యూటర్ల నిర్ణయాన్ని తిరగదోడే కమిటీ 1948 నుంచీ ఉంది. హిరోషిమాలో మాజీ న్యాయ శాఖ మంత్రి(!) కవాయి 2019లో ఓట్ల కోసం దాదాపు 100 మందికి 2 కోట్ల 90 లక్షల యెన్లు పంచిన కేసులో ఆయనకి నిలుపుదల లేని 3 ఏళ్ళ జైలు పడింది గానీ, పుచ్చుకున్న 100 మందినీ వదిలేశారు. 2022 జనవరిలో ఆ కమిటీ 35 మంది మీద కేసు పెట్టాల్సిందేనంది. మార్చికల్లా 34 మంది మీద పెట్టారు. అలాగని ఆ కమిటీ మాటా వేదం కాదు. దాని పట్టుదలతోనే కోర్టుకెక్కిన ఇచిరో ఒజావా 2012లో నిర్దోషిగా బయటికొచ్చాడు. నా దృష్టిలో అదీ మంచిదే. అడిగే హక్కు జనానిది, తేల్చే పని కోర్టుది.

ఓటు మాటకొస్తే, 2024 అక్టోబర్ 27 ఎన్నికల్లో ఈ గొడవలో పేరున్న 46 మంది పోటీ చేస్తే 28 మంది ఓడిపోయారు. కూటమి మెజారిటీ పోయింది. పాతికేళ్ళు వెంట ఉన్న కొమేయితో పార్టీ 2025 అక్టోబర్లో ఎల్‌డీపీతో తెగతెంపులు చేసుకుంటూ చెప్పిన ముఖ్య కారణం కూడా ఈ డబ్బు సంగతే. 1983 నిగాతాతో పోలిస్తే ఎంతో తేడా. కానీ గెలిచిన ఆ 18 మంది కూడా ఉన్నారని మర్చిపోకూడదు.

"మన దగ్గర ఇంతకన్నా ఘోరం, జపానోడు నయం" అని ఎవరో ఒకరు అంటారని తెలుసు. 50 కోట్లకి 2 లక్షల జరిమానా చూసి "వేరే దేశంలో అదీ లేదుగా" అని జపాన్ జనం సర్దుకుని ఉంటే 1994లో చట్టం మారేది కాదు. వాళ్ళ పొరపాటు ఒకటే, అంకె పెరగ్గానే ఇళ్ళకి పోయారు. కింద ఉన్న 'ఆండ్' ఎవరూ చదవలేదు. చట్టం కూడా కోడ్ లాంటిదే, చివరి లైను దాకా చదవాలి. ఏమంటారు?